అది మందు కాదండీ, గ్యాస్‌ది

నా బనీను మీద మరకను మొదట కనిపెట్టింది మా ఆవిడ. పెరట్లో ఉతుకు బండ దగ్గర ఆ బనీనును రెండు చేతులతో ఎత్తి, ఎండకు అడ్డంగా పట్టి, ఎక్స్‌రే చూసే పెద్ద డాక్టరులా అటూ ఇటూ తిప్పింది. అరకులో కార్తీకం వచ్చాక సూర్యుడు పదిగంటలకు గానీ డ్యూటీలో చేరడు. ఆ రోజు మాత్రం నా పరువు తీయడానికి ఏడింటికే వచ్చి కూర్చున్నాడు.

“ఏటండీ ఇది? నాను గంజెట్టింది సొక్కాకి గదా, బనీనుకి కాదే!”

“చెమట అయ్యుంటుంది,” అన్నాను.

“సలికి పళ్ళు టకటకా కొట్టుకుంటంటే సెమటేటండీ? అదీ రెండే రెండు సోట్ల, ఎంచి పెట్టినట్టు?”

ఆ రెండు చోట్లు ఏవో మీకు అర్థమయ్యే ఉంటుంది. నలభై తొమ్మిదేళ్ళ మగవాణ్ణి, మీసం ఉన్నవాణ్ణి, బియ్యం బస్తాను భుజాన వేసుకుని మూడు మెట్లెక్కగలవాణ్ణి. నా గుండెల మీద రెండు వైపులా చింతగింజంత గడ్డలు కట్టాయి. ముట్టుకుంటే నొప్పి. స్కూటరు మీద వెళ్తుంటే దారిలో ఉన్న గతుకులన్నీ నా ఛాతీలో పేరుపేరునా హాజరు వేయించుకునేవి. పిండితే ఒక తెల్లటి బొట్టు. పిండడం ఎందుకని అడక్కండి. అలాంటిది కనిపించాక పిండకుండా ఉండగల ధీరుడు ఈ తూర్పు కనుమల్లో ఇంకా పుట్టలేదు.

నేను మైదానం నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళ కిందట ఇక్కడ సంత బజారులో కిరాణా కొట్టు పెట్టుకున్నాను. ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మా కొట్టు వెనక కనిపించిన పసిరిక పాము, సాయంత్రానికి నా నోట్లో కొండచిలువ అయ్యేది. మర్నాటికి దానికి మీసాలు కూడా మొలిచేవి. అలాంటివాణ్ణి మొదటిసారి ఒక సంగతిని పెంచకుండా, పూర్తిగా దాచేద్దామని చూశాను. కుదరలేదు. ఇంట్లో ఇంకో సంగతి కూడా అప్పటికే మా ఆవిడ లెక్కలో పడిపోయింది. ఆర్నెల్లుగా మా మంచం మీద ఇద్దరి మధ్యా అనంతగిరి ఘాటు రోడ్డంత దూరం పెరిగింది. నాకు కోరికే పుట్టడం లేదు. తాళం వేసిన కొట్టులా ఉంది ఒళ్ళు.

“సంతలో ఎవర్తినైనా మరిగారేటి?” అంది ఒకసారి, కూర తరుగుతూ, కత్తిపీట మీంచి చూపు తిప్పకుండా.

“ఇంట్లోదానికే దిక్కు లేదు, సంతలో దానికి ఎక్కడ తెస్తానే!”

నవ్వాల్సిన మాటే. ఇద్దరం నవ్వలేదు.

ఫోన్‌లో వెతికాను. ‘మగవాడికి పాలు’ అని కొడితే మొదట వచ్చినవన్నీ పాల డెయిరీలు, గేదెల దాణా, కండలు పెంచే పొడుల డబ్బాలు. కిందికి జరిపీ జరిపీ ఒక చోట ఆగాను. ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువైతే ఇలా అవుతుందట. ఎందుకు ఎక్కువవుతుందీ అంటే, అక్కడొక జాబితా ఉంది. ఆ జాబితాలో నేను ఒకే ఒక్క లైను చదివాను: మెదడు అడుగున గడ్డ. మిగతా లైన్లు చదవలేదు. భయపడ్డవాడు అన్నిటికన్నా పెద్ద పాముని చూస్తాడు తప్ప, పక్కనున్న తాడుని చూడడు కదా.

ఆ రోజు నుంచి తలనొప్పి కూడా మొదలైంది. అంతకు ముందునుంచీ ఉందేమో, నేను పట్టించుకోలేదేమో.

విశాఖలో హార్మోన్ల డాక్టరమ్మ ఉందని తెలిసి బస్సెక్కాం. ఘాటు రోడ్డు మలుపుల్లో నేను నాలుగుసార్లు కిటికీలోంచి తల బయటపెట్టాను. రాసేటప్పుడు నలభైసార్లు అని రాద్దామనుకున్నాను. కానీ పక్కన కూర్చున్న మా ఆవిడ లెక్కపెట్టింది. రక్తం తీసే కుర్రవాడు నా ముఖం చూసి సూది పక్కన పెట్టేశాడు.

“ఎక్కణ్ణుంచి సార్?”

“అరకు నుంచి.”

“అయితే అరగంట ఊరికే కూర్చోండి. ఇలా ఆయాసంలో, కంగారులో ఉన్నప్పుడు తీస్తే ఈ అంకె లేనిపోనిదంతా పైకి చూపిస్తుంది.”

అరగంట కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం నాకు చేతకాని పని. అయినా గోడ మీదున్న కిడ్నీ బొమ్మను చూస్తూ, అందులో జీడిపప్పు పోలికలు వెతుక్కుంటూ ఎలాగో శాంతించాను. థైరాయిడ్‌కి, ప్రొలాక్టిన్‌కి రెండు గొట్టాల రక్తం ఇచ్చాను.

రెండో రోజు రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ బాగానే ఉంది. ప్రొలాక్టిన్ మాత్రం మగవాడికి ఉండాల్సిన గీతను దాటి దానికి నాలుగింతలు పోయింది. చూశారా, నా ఒంట్లో హార్మోనుకు కూడా నా అలవాటే వచ్చింది.

డాక్టరమ్మకు మా అమ్మాయి వయసు కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. ఒక కాగితం మీద తల బొమ్మ గీసింది. ముక్కు వెనక, మెదడు కింద ఒక చుక్క పెట్టింది.

“ఇక్కడ బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. ప్రొలాక్టిన్ తయారయ్యేది ఇక్కడే. పాలిచ్చే తల్లిలో ఇది పెరగాలి. మగవాళ్ళలోనూ కొంచెం ఉంటుంది, అది తప్పేమీ కాదు. ఎక్కువైతే మాత్రం మిగతా హార్మోన్లను అణిచేస్తుంది. అందుకే కోరిక తగ్గుతుంది, నీరసం, గుండెల దగ్గర నొప్పి. ఒక్కోసారి ఈ గ్రంథిలోనే చిన్న గడ్డ ఉంటుంది. అది సాధారణంగా క్యాన్సర్ కాదు, చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది. కానీ పెద్దదైతే కంటి నరాల మీద ఒత్తుతుంది. పక్క చూపు తగ్గిందా మీకు?”

పక్క చూపు! ఆ మాట విన్న క్షణం నుంచి నాకు రెండు పక్కలా చీకటే. నా ఎడమ చెవి వైపు కూర్చున్న మా ఆవిడ ఉందో లేదో అనుమానం వచ్చింది.

“ఉన్నానండీ,” అంది తను.

“మందులేమైనా వాడుతున్నారా?” అడిగింది డాక్టరమ్మ.

“అబ్బే! మందుల జోలికే పోనండి. నా ఒళ్ళు చూశారుగా. తలనొప్పికి కూడా శొంఠి పట్టు వేసుకునే రకం.”

అంటూనే, టైమయిందని, జేబులోంచి స్ట్రిప్పు తీసి, ఒక క్యాప్సూల్ నొక్కి తీసి, నోట్లో వేసుకుని, బాటిల్లో నీళ్ళు తాగాను. భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి కదా. ఆరేళ్ళుగా ఆ క్రమం తప్పలేదు.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

“ఇప్పుడు మింగిందేమిటి?”

“ఇదా? ఇది మందు కాదండీ, గ్యాస్‌ది.”

ఆ గదిలో ఫ్యాను చప్పుడు నాకు టైడా సొరంగంలో రైలు వెళ్తున్నంత గట్టిగా వినిపించింది. ఆవిడ చెయ్యి చాపింది. స్ట్రిప్పు ఇచ్చాను. వెనక్కి తిప్పి చదివింది.

“ఎన్నాళ్ళుగా?”

“ఆరేళ్ళు. రోజూ ఒకటి. పెళ్ళిళ్ళ సీజన్లో రెండు.”

“ఎవరు రాశారు?”

“ఒక డాక్టరుగారే. ఐదు రోజులకి.”

ఐదు రోజుల చీటీని ఆరేళ్ళు నడిపినవాణ్ణి ఆవిడ అంతకుముందు చూసి ఉండదు. చూసే ఉంటుందేమో, అందుకే నవ్వలేదు. ఆ క్యాప్సూల్లో రెండు మందులుంటాయట. ఒకటి కడుపులో పులుపు తగ్గించేది. రెండోది డోమ్‌పెరిడోన్, కడుపులో ఉన్నదాన్ని కిందికి తోసేది. ఆ రెండోది ప్రొలాక్టిన్‌ని పెంచుతుందట.

“ఇది మానేసి మూడు వారాల తర్వాత మళ్ళీ రక్తం ఇవ్వండి. అంకె దిగితే కారణం ఇదే. దిగకపోతే తలకి స్కాన్ తీద్దాం. ఈలోగా చూపు తగ్గినా, తలనొప్పి బాగా పెరిగినా మూడు వారాలు ఆగకుండా వచ్చెయ్యండి.”

తిరుగు ప్రయాణం రైల్లో. మా ఆవిడ మామూలుగా సొరంగాల సంఖ్య లెక్కపెడుతూ, జామకాయలు కొంటూ, ఎదుటి సీటువాళ్ళ వంశవృక్షం మొత్తం బయటికి లాగుతూ వస్తుంది. ఆ రోజు నోరు విప్పలేదు. నా మీద బెంగ అనుకుని గర్వపడ్డాను. టైడా దాటాక, రైలు ఒక సొరంగంలోంచి వెలుగులోకి వచ్చాక, నా వైపు తిరిగింది.

“ఏటండీ, ఆ గోలీ ఆడోళ్ళేసుకుంటే ఏటవుద్ది?”

“ఏమో. ఎందుకు?”

“మా నేస్తం ఏసుకుంటంది గదా.”

ఇక్కడ నేస్తం అంటే ఊరికే స్నేహితురాలు కాదు. మా కొట్టుకు కొండ మీది ఊరి నుంచి శుక్రవారం సంతకు వచ్చే ఒకామె ఉంది. పన్నెండేళ్ళ కిందట ఆమే, మా ఆవిడా నేస్తం కట్టారు. ఒకరి కొప్పులో ఒకరు పువ్వు పెట్టి, ఒకే ఆకులో బెల్లమూ అటుకులూ తిన్నారు. ఆనాటి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, ‘నేస్తం’ అనే పిలుచుకుంటారు. ఒకరు ఇచ్చినదాన్ని రెండోవారు కాదనకూడదు, పారెయ్యకూడదు, తినేదైతే తినాలి. నేస్తం మొగుణ్ణి గనుక నేను ఆమెకు బావను. బావను గనుక నన్ను ఎంత మాటైనా అనే హక్కు ఆమెకుంది. ఆ హక్కును ఆమె ఒక్క శుక్రవారం కూడా వృథాగా పోనివ్వలేదు.

“బావా, నీ బొజ్జకి నీ కొట్టు సాలట్లేదు. ఎనక గోడ కొట్టించు,” అనేది. మిరియాలు, పసుపు కొమ్ములు, పనసకాయ, ఎండిన కాఫీ గింజలు ఏదో ఒకటి మా ఆవిడ ఒళ్ళో పెట్టేది. మేము ఆమెకు ఉప్పో, సబ్బో, పిల్లలకు బిస్కెట్లో ఇచ్చేవాళ్ళం. రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం కడుపు పట్టుకుని కూర్చుంది. తెల్లారకముందే చోడి అంబలి, అంటే రాగి జావ, తాగి బయల్దేరిందట, దారంతా పులి తేన్పులట. నా గల్లా పక్కన జీడిపాకం సీసాకీ కొబ్బరుండల సీసాకీ మధ్య, గ్యాస్ క్యాప్సూళ్ళ సీసా ఒకటి ఉండేది. సంతకు వచ్చినవాళ్ళకు ఇచ్చేవాణ్ణి. నాకు అది మిఠాయిల వరసలోదే. నేను ధన్వంతరి ఫోజులో ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను. గంటలో నొప్పి తగ్గింది. అక్కణ్ణుంచి వారం వారం ఒక స్ట్రిప్పు ఇచ్చేవాణ్ణి. “రోజూ ఒకటి మానకు. వందేళ్ళు బతుకుతావు,” అన్నాను. ఆ వందేళ్ళ మాట నాదే.

“దానికి నెలలు ఆగిపోయి ఏడాది దాటింది,” అంది మా ఆవిడ, కిటికీ బయటికి చూస్తూ. “సిన్న గుంటడికి పాలు మాన్పించి కూడా ఏడాదైంది. అయినా దానికి పాలు ఎండట్లేదు, జాకెట్టు తడిసిపోతంది. ఇంకో బిడ్డ కావాలని ఇంట్లోవాళ్ళ పోరు. కడుపొచ్చిందేమో అనుకున్నారు, రాలేదు. ఆళ్ళ ఊళ్ళో పూజలు సేసే దిసారి సూసి కొండదేవతకి కోపమన్నాడంట. మూడు కోళ్ళు, ఒక మేక ఇచ్చారు. ఆడోళ్ళ సంగతని మీకు సెప్పలేదు.”

తర్వాత వచ్చిన సొరంగం చాలా పొడుగ్గా ఉంది. ఎంత పొడుగో చెప్పను, చెప్తే ఎవరూ నమ్మరు.

ఆ మూడు వారాలు నేను రెండు కోరికల మధ్య నలిగాను. అంకె దిగితే నా తలలో గడ్డ లేదు, నేను బతికిపోయాను. కానీ అప్పుడు ఆమె ఒంటికి రెండేళ్ళుగా జరిగినది నా చేతి వల్లే. దిగకపోతే నా తలలో ఏదో ఉంది. కానీ నేను ఎవరికీ ఏమీ చెయ్యలేదు. పొద్దున్నే నిద్ర లేచి దేవుడికి దణ్ణం పెట్టుకోబోయి, ఏమడగాలో తెలియక, అగరొత్తి వెలిగించి ఊరుకునేవాణ్ణి. పక్క చూపు పరీక్షలు మాత్రం మానలేదు. మా ఆవిడ నా చెవి పక్కన గరిటె పట్టుకుని నిలబడేది.

“కనపడతందా?”

“కనపడుతోంది.”

“ఇప్పుడో?”

“ఆ.”

“గరిటె లోపలెట్టేసి అరనిముషమైంది,” అనేది. మళ్ళీ భయం.

మొదటి శుక్రవారం ఆమె వచ్చింది. నెత్తి మీద పసుపు కొమ్ముల బుట్ట, చంకలో చిన్న గుంటడు. కొట్టు ముందు పదిమంది జనం.

“ఏటి బావా, ముకం అట్టా ఏలాడేసినావు? నేస్తం కొట్టిందేటి?”

“ఒంట్లో బాగాలేదు.”

“మరి నీ గోలీ నువ్వేసుకోనేదా?” అని నవ్వి, చెయ్యి చాపింది.

ఆ చెయ్యి నా గల్లా మీదే ఉంది. లేదంటే ఎందుకు లేదో చెప్పాలి. పదిమంది ముందు ఆమె నెలల సంగతి నేనెలా ఎత్తను? నేస్తం ఇంటి నుంచి రెండేళ్ళుగా అందుతున్నదాన్ని అడిగిన చోట కాదనడం ఎలా? ఇంకా ఏదీ ఖాయం కాలేదుగా. ఇలాంటి కారణాలు రెండు డజన్లు ఉన్నాయి నా దగ్గర. సీసాలో చెయ్యి పెట్టి స్ట్రిప్పు తీసి ఇచ్చాను. తెలిసీ ఇచ్చాను. రెండేళ్ళుగా తెలియక ఇచ్చినవన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్కటీ ఒక ఎత్తు.

లోపల్నుంచి మా ఆవిడ చూసింది. సాయంత్రం అన్నం పెడుతూ అంది: “ఎందుకిచ్చారు?”

“నువ్వెందుకు చెప్పలేదు?”

“నేస్తం కట్టిన నోటితో, మా ఇంట్లో నువ్వు తిన్నది సెడ్డదని ఎలా సెప్పనండీ?” అని గిన్నె మీద మూత పెట్టింది. ఇద్దరం పిరికివాళ్ళమే. ఆ ఇంట్లో ధైర్యంగా ఉన్నది పిల్లి ఒక్కటే.

రెండో శుక్రవారానికి సీసాను చింతపండు బస్తా వెనక దాచాను. “అయిపోయాయి,” అన్నాను ఆమె వైపు చూడకుండా.

“పోనీలే బావా. పండగలకీ, కన్నోరింటికెల్లినప్పుడూ ఉంటాయని కొన్ని దాసుకున్నాను. రెండు నెలలకి సరిపోతాయి.”

మూడో శుక్రవారం నేను కొట్టు తెరవలేదు. ముందురోజే విశాఖ వెళ్ళి, రక్తం ఇచ్చి, కంటి పరీక్ష కూడా చేయించుకుని అక్కడే ఉండిపోయాను.

అంకె దిగింది. నాలుగింతలున్నది ఉండాల్సిన గీత కిందికి వచ్చి బుద్ధిగా కూర్చుంది. డాక్టరమ్మ నా కంటే ఎక్కువ సంతోషపడింది.

“గడ్డ అనుకోవాల్సిన పని కనబడటం లేదు. మూడు నెలలాగి ఇంకోసారి చూద్దాం. కంటి పరీక్షలో పక్క చూపు బాగానే ఉంది. తలనొప్పికి మాత్రం కళ్ళద్దాలు మార్చండి, ఇవి ఎప్పటివి?”

“ఎనిమిదేళ్ళవి.”

“ఇవి కూడా ఎవరైనా ఐదు రోజులకి రాశారా?” అంది.

మంచి మాట. ఇంకో రోజైతే ఆ మాటను కొట్టులో కూర్చుని ఏడాది పాటు నాదిగా చెప్పుకునేవాణ్ణి. అప్పుడు మాత్రం అడగాల్సింది అడిగాను.

“ఇదే మందు ఆడవాళ్ళు వాడితే?”

“నెలసరి ఆగిపోవచ్చు. పాలు రావచ్చు. గర్భం నిలవడం కష్టమవుతుంది. ఎవరికి?”

“తెలిసినవాళ్ళకి.”

“అయితే ఆమెని తీసుకురండి. ముందు గర్భమేమో చూడాలి, థైరాయిడ్ చూడాలి. అన్నీ ఈ మందు నెత్తినే వేసెయ్యకూడదు. మానేశాక తిరిగి రావడానికి కొందరికి సమయం పడుతుంది. ఆమె వయసెంత?”

“ముప్పై రెండు, ముప్పై మూడు.”

“తొందరగా తీసుకురండి,” అంది. ఆ ‘తొందరగా’ను నేను అరకు దాకా మోసుకొచ్చాను.

మర్నాడు స్కూటరు మీద తారు రోడ్డు ఉన్నంతవరకూ వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచాను. పన్నెండేళ్ళ నేస్తరికంలో ఆమె ప్రతి వారమూ కిందికి దిగింది. నేను ఒక్కసారి కూడా పైకి ఎక్కలేదు. ఆ దారి ఆమెకు గంట నడక, నాకు ఒక జన్మ. మూడు చోట్ల కూర్చున్నాను, రెండు చోట్ల వీలునామా రాయాలనుకున్నాను.

ఆమె వాకిట్లో కాఫీ గింజలు పరిచి కాలితో తిరగేస్తోంది. నన్ను చూసి నిలబడిపోయింది.

“ఓలమ్మ! బావే! కొట్టు తగలడిపోనాదేటి? నేస్తం బాగుందా?”

“బాగుంది.”

“ముందు కూకో. పడిపోతావు.”

నులక మంచం వాల్చింది. సొరకాయ బుర్రలోంచి చోడి అంబలి గ్లాసులో పోసి ఇచ్చింది. నేస్తం ఇంట్లో ఇచ్చింది కాదనకూడదు. తాగాను. కడుపులోకి పోతున్నంతసేపూ నేనిచ్చినవి ఆమె ఇలాగే కాదనకుండా మింగి ఉంటుందని తట్టింది. గ్లాసు కింద పెట్టి చెప్పాను. నా బనీను మరక దగ్గర మొదలుపెట్టాను, ఎందుకంటే అక్కడైతే ఆమె నవ్వుతుందని. నవ్వింది కూడా.

“బావకి పాలా! ఇంక కొట్టులో టీకి పాలు కొననక్కర్నేదు!”

తర్వాత చెప్పిందానికి నవ్వలేదు. గింజలు తిరగేస్తున్న కాలు ఆగిపోయింది. చిన్న గుంటడు వచ్చి ఆమె చీర పట్టుకుని నిలబడ్డాడు. వాడి తల మీద చెయ్యి వేసింది.

“మరయితే, మూడు కోళ్ళు, మేకా ఏ తప్పుకిచ్చినట్టు బావా?”

నేను ఖాళీ గ్లాసును మంచం కిందికి జరిపాను.

“మా అత్త నన్ను ఏటేటందో తెలుసా? మందేసుకుని కడుపు పోగొట్టుకుంటన్నావే అంది. నాను అమ్మోరి మీద ఒట్టేసినాను. ఏ మందూ ముట్టనేదని. ఏడుస్తా ఒట్టేసినాను.”

లోపలికి వెళ్ళింది. వాసానికి వేలాడదీసిన చిక్కంలోంచి గుడ్డ మూట తెచ్చి నా ముందు విప్పింది. దాచుకున్న స్ట్రిప్పులు. కొన్ని సగం వాడినవి. ఎలకలు కొట్టకుండా జాగ్రత్తగా విస్తరాకులో చుట్టి పెట్టింది.

“నేస్తం ఇంటోళ్ళిచ్చింది పారెయ్యకూడదు. నువ్వే అట్టుకెల్లు.”

తీసుకున్నాను. రెండు జేబులూ నిండాయి.

“తప్పు కడతాను. ఏం కట్టమంటావో చెప్పు,” అన్నాను. వాళ్ళ ఊళ్ళో తప్పు చేసినవాడు తప్పు కట్టాలి, కోడో, మేకో, పదిమందికి భోజనమో.

“కోడొద్దు. అవి సాన అయిపోనాయి.” చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆ డాక్టరమ్మ కాడికి నన్ను నువ్వే తీసుకెల్లు. నేస్తాన్ని కూడా రమ్మను. అక్కడ నాకు సెప్పడం రాదు. నువ్వు సెప్పాలి. తిరిగొచ్చినాక మా అత్తకి కూడా నువ్వే సెప్పాలి, నాను ఒట్టు తప్పనేదని.”

సోమవారం బస్సులో ముగ్గురం వెళ్ళాం. నాకు వాంతులైన మలుపుల్లోనే ఆమెకూ అయ్యాయి. నా తువ్వాలు ఇచ్చాను. రక్తం తీసే చోట అరగంట కూర్చోబెట్టారు. ఆమె గోడ మీది కిడ్నీ బొమ్మ చూసి, “ఇదేటి, జీడిపిక్కా?” అంది. అరకు నుంచి విశాఖ దాకా ఆ రోజు నేను నవ్వింది అప్పుడొక్కసారే.

డాక్టరమ్మ ముందు ఆమె కుర్చీ అంచున కూర్చుంది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. నేను వెనక నిలబడ్డాను. నెలసరి, పిల్లలు, కాన్పులు అన్నీ అడిగాక, డాక్టరమ్మ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చింది.

“మందులేమైనా వాడుతున్నావా అమ్మా?”

ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. మళ్ళీ డాక్టరమ్మ వైపు తిరిగింది.

“నేదమ్మా. మందులేటీ నేవు. మా నేస్తం ఇంటోళ్ళు పెట్టింది తిన్నానంతే.”

నా పేరు బయటికి రానివ్వకూడదని చూస్తోంది. మా ఆవిడ తల వంచుకుంది. డాక్టరమ్మ కాగితం మీద ‘లేవు’ అని రాయబోతోంది.

“రాయకండి,” అన్నాను.

జేబుల్లోంచి స్ట్రిప్పులన్నీ తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ వాటిని చూసింది, నన్ను చూసింది.

“రోజుకొకటి. రెండేళ్ళు,” అన్నాను. “ఇచ్చింది నేనే. ఇదే కారణం కావచ్చని తెలిశాక కూడా ఒక శుక్రవారం ఇచ్చాను.”

ఆమె నా వైపు తిరగలేదు. ఆ చివరి మాట అప్పటిదాకా ఆమెకు కూడా తెలియదు. మా ఆవిడ చేతిలో ఉన్న ఆమె చెయ్యి, నేను చూస్తుండగానే, నెమ్మదిగా ఇవతలికి వచ్చి తన ఒళ్ళో పడింది. డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంటోంది.